పెట్టెలో సావేరి

మీరా సాహెబు సన్నాయి అందుకుంటే నడికుడి జంక్షన్‌లో గూడ్సుబండి పచ్చలైటు పడినా కదిలేది కాదని ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను. నడికుడికీ మా ఊరికీ అరవై కిలోమీటర్లు పైనే ఉందని ఎవరైనా అడ్డం తగిలితే, గాలి అటు వీచిన రోజున అని సర్దుకుంటాను. మాది నరసరావుపేట పక్క పల్లె. పెరట్లో నిలబడితే కోటప్పకొండ కనిపిస్తుంది. వీరయ్య చెప్పిన దాంట్లో నాలుగోవంతు నమ్మితే చాలని ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ నాలుగోవంతుతోనే డెబ్బై మూడేళ్లు నెట్టుకొచ్చాను.

కార్తీకమాసంలో ఒక పొద్దున మీరా సాహెబు భార్య హజ్రా బీ మా ఇంటికి వచ్చింది. వాళ్లది మా ఇంటి నుంచి మూడో గడప. శ్రావణంలో సాహెబుకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. అప్పటినుంచీ ఆమె మంచం పక్కనుంచి కదల్లేదు. అలాంటి మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మా గేటు తీసేసరికి నా గుండె జారిపోయింది.

"అన్నాయ్, ఆయన మాట్టాడాడు" అంది.

నాకు ఊపిరి వచ్చింది. ఊపిరి వచ్చాక నోరు ఊరుకోదు. "ఏమన్నాడు? నన్ను తిట్టుంటాడు. మూడు నెల్ల బాకీ గదా."

"నీ ఎకసక్కాలు తగలెయ్యి. సావేరి అన్నాడు. తేటగా అన్నాడు అన్నాయ్, నీళ్లు గూడా అడగలేని మనిషి. అని, ఎడం చెయ్యి నోటి కాడ పెట్టుకుని మీ ఇంటి దిక్కు చూపిచ్చాడు. అమ్మాయి రికార్డు చేసింది గదా, అది వినాలంట."

సావేరి రాగం వాయించే సన్నాయి విద్వాంసులు చాలామంది ఉంటారు. మీరా సాహెబు సావేరి మాత్రం ఆయన గురువు వేసిన దారి. ధనుర్మాసంలో మా వేణుగోపాలస్వామి గుడి ముందు తెల్లవారుతుండగా మొదలుపెట్టి ఇరవై రెండు నిమిషాలు వాయించేవాడు. ఆ గురువు దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఇంకెవరూ మిగల్లేదు. నలభై ఏళ్లు ఆయన ఒక్కడే వాయించాడు. మేం విన్నాం.

రెండేళ్ల కిందట నా మనవరాలు హరిత ఆయన సన్నాయిని రికార్డు చేసింది. హరిత ఒక కంపెనీ ఉద్యోగం ఇంటినుంచే చేస్తుంది. రోజూ సాయంత్రం డ్యూటీ అయ్యాక సాహెబును వసారాలో కూర్చోబెట్టి, చిన్న మైకు పెట్టి, పది సాయంత్రాలు వాయింపించింది. అన్నీ వాయించాడు గానీ సావేరి దగ్గరికొచ్చేసరికి బిగుసుకున్నాడు.

"గురువు చెవిలో పోశాడు. పెట్టెలో పొయ్యమన్లా" అన్నాడు.

నేనే వెంటపడ్డాను. "నీ కొడుకులిద్దరూ ఏసీలు బిగిచ్చుకుంటా తిరుగుతన్నారు. ఇంకెవురి చెవిలో పోస్తావు సాయిబూ? గోతిలోకి తీసకపోయి వానపాములకి వాయిస్తావా?"

ఆ మాటకు వారంపాటు నా గుమ్మం తొక్కలేదు. ఎనిమిదో రోజు సన్నాయి పట్టుకుని తానే వచ్చాడు. నా మొహం చూడకుండా హరిత ముందు కూర్చుని, "పెట్టమ్మా నీ యంత్రం" అన్నాడు. అది పదకొండో సాయంత్రం.

హరిత పాత ల్యాప్‌టాప్ నిండిపోయి మొరాయిస్తుంటే, పదకొండు సాయంత్రాలనూ అరచేతిలో పట్టే ఒక నల్ల పెట్టెలోకి ఎక్కించి నాకిచ్చింది. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ అంటారు దాన్ని. "తాతయ్యా, ఇదొక్కటే కాపీ. జాగర్త" అంది. నేను బీరువాలో పెట్టి, ఆ బీరువా తలుపు తీయాలంటే ఏనుగు రావాలని ఊరంతా చెప్పుకున్నాను.

అందుకే ఆ పొద్దున హజ్రా బీతో ఏమాత్రం తడుముకోకుండా అన్నాను. "నువ్వు పోయి పొయ్యి మీద టీ పెట్టు చెల్లెమ్మా. అది పొంగేలోపు సావేరి మీ ఇంట్లో ఉంటది."

ఆమె వెళ్లాక బీరువా తీశాను. పెట్టె చేతికి తగలగానే దసరా గుర్తొచ్చింది. 

అయినా తీసుకెళ్లి హరిత చేతిలో పెట్టాను.

హరిత తీగ దూర్చింది. పెట్టెమీద చిన్న దీపం వెలగాలట. వెలగలేదు. ల్యాప్‌టాప్‌కు ఇంకో పక్కన దూర్చింది. వెలిగి ఆరింది.

"ఏందే, మొరాయిస్తందా? ముల్లుగర్ర తెమ్మంటావా?" అన్నాను.

"తాతయ్యా, కాసేపు గమ్మునుండు."

తీగలోనే లోపం ఉందేమోనని నా పాత ఫోను ఛార్జరు తీగ తెచ్చి, పెట్టెకున్న చీలికలో దానికి పట్టే సగంలో అమర్చింది. దీపం నిలిచింది. ల్యాప్‌టాప్ టింగుమంది. ఆ వెంటనే ఇంకో రకంగా టుంగుమంది. మొదటి మోత వచ్చాననడం, రెండోది పోయాననడం అని చెప్పింది హరిత. తెరమీద డ్రైవుల వరసలో ల్యాప్‌టాప్‌వి రెండున్నాయి. మాది లేదు. ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ వేసింది. లేదు. తగిలించిన డిస్కులన్నీ, పేరు లేనివి కూడా కనిపించే పట్టిక ఒకటి తెరిచింది. అందులో ఒక్క క్షణం మా డిస్కు కనిపించి, దీన్ని కొత్తగా మొదలుపెట్టమంటారా అని అడిగింది.

"పెట్టమను, పెట్టమను!" అని వేలు తెరమీదికి చాపాను.

హరిత నా చెయ్యి పక్కకు నెట్టేసింది. "సరే అన్నామంటే లోపలున్నది పోయినట్టే తాతయ్యా. అది దీన్ని కొత్త డిస్కు అనుకుంటంది."

మాట్లాడుతుండగానే అదీ మాయమైంది. తీస్తూ, పెడుతూ, ఆ పిల్ల పదిసార్లు ప్రయత్నించింది. పదకొండోసారి పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని విని, నా వైపు తిరిగింది.

"కింద పడేశావా?"

"నేనా? దాన్నా? పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నా."

అది నిజమే. అడిగిన దానికి జవాబు మాత్రం నిజమే చెప్పాను. అడగనిది మింగేశాను.

నేను చేసింది హరితకు చెప్పడానికి నాకు మర్నాటిదాకా పట్టింది. మీకు ఇప్పుడే చెబుతాను.

విజయదశమినాడు మా వసారాలో పనిముట్లన్నీ బారుగా పెట్టి పూజ చేస్తాం. కొడవళ్లు, పారలు, మందు కొట్టే స్ప్రేయరు, మోటారు స్టార్టరు, గుమ్మం ముందు ట్రాక్టరు. నేను పుట్టినప్పటినుంచీ ఆ బారు చివర సన్నాయి ఉండేది. మొదట మీరా సాహెబు తండ్రి తెచ్చేవాడు, ఆ తర్వాత ఈయన. మా అమ్మ, ఆమె తర్వాత మా ఆవిడ, ఇద్దరూ పోయాక నేను, సన్నాయి నోటి దగ్గర గంధం పూసి కుంకుమ పెట్టేవాళ్లం. ఆయన దాన్ని కళ్లకద్దుకుని అక్కడే నిలబడి ఊదేవాడు. అది విన్నాకే కొబ్బరికాయ కొట్టేది.

ఈ ఏడు సాహెబు మంచంలో ఉన్నాడు. సన్నాయి గుడ్డసంచిలో వాళ్ల గోడకు వేలాడుతోంది. ఇవ్వమని హజ్రా బీని అడగడానికి నాకు నోరు రాలేదు. బారు చివర బెత్తెడు చోటు ఖాళీగా ఉంది. అది చూస్తూ కొబ్బరికాయ కొట్టలేక, బీరువా తీసి ఆ నల్ల పెట్టె తెచ్చి అక్కడ పెట్టాను. ఆయన సన్నాయి అందులో ఉంది కదా మరి.

సన్నాయికి బొట్టు నోటి దగ్గర పెట్టాలి. దీనికి నోరెక్కడా అని తిప్పి తిప్పి చూశాను. ఒక అంచున తీగ దూర్చే చీలిక కనిపించింది. అక్కడ తడిగంధం వేలితో నిండా పూసి, కుంకుమ అద్ది, కొబ్బరినీళ్లు చిలకరించాను. సాహెబు చెయ్యి లేవాలని దండం కూడా పెట్టుకున్నాను. సాయంత్రం చూస్తే చీలికలో గంధం ఎండి గట్టిపడింది. పిన్నీసుతో గీకాను. తడిగుడ్డ కొస మెలిపెట్టి లోపల తిప్పాను. పైకి శుభ్రంగా కనిపించాక బీరువాలో పెట్టేశాను. ఆ పొద్దునే ల్యాప్‌టాప్‌కు బొట్టు పెట్టబోతే "మూత మీద, అదీ పొడి కుంకుమ, తాతయ్యా" అని చెయ్యి పట్టుకుని ఆపిన పిల్లకు ఈ సంగతి ఎట్లా చెప్పను?

మధ్యాహ్నం దాకా సావేరి రాకపోయేసరికి నేనే సాహెబు దగ్గరికి వెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సింది. ఆయనకు గడ్డం గీయించి, ఉతికిన చొక్కా తొడిగి, దిండ్లు ఎత్తుపెట్టి కూర్చోబెట్టారు. తల దువ్వి ఉంది. కచేరీకి వెళ్లే ముందు అలా తయారయ్యేవాడు. నన్ను చూడగానే కళ్లు నా చేతులకేసి వెళ్లాయి. చేతుల్లో ఏమీ లేదు.

"కరెంటు లేదు సాయిబూ, పొద్దుటి నుంచీ" అన్నాను.

ఆయన మెల్లగా తలెత్తి పైకి చూశాడు. మా ఇద్దరి మీదా ఫ్యాను తిరుగుతోంది.

నా జీవితంలో చెప్పిన అబద్ధాలకు ఊళ్లో సగంమంది నవ్వారు, మిగతా సగంమంది నవ్వినట్టు నటించారు. ఆయన ఆ రెండూ చేయలేదు. ఫ్యానును చూశాడు, నన్ను చూశాడు, మొహం గోడవైపు తిప్పుకున్నాడు. హజ్రా బీ టీ గ్లాసు నా చేతికిచ్చి, "రేపటికన్నా వచ్చిద్దా అన్నాయ్?" అని గుసగుసగా అడిగింది. "వచ్చిద్ది" అన్నాను.

మర్నాడు హరితా నేనూ నరసరావుపేట వెళ్లాం. మల్లమ్మ సెంటరు దాటాక ఒక మేడమీద వాసంతి అనే ఆవిడ కంప్యూటర్లు బాగుచేస్తుంది. నలభై ఏళ్లుంటాయి. ముక్కుమీద కళ్లజోడు, చేతిలో సన్నటి స్క్రూడ్రైవరు. మేం వెళ్లేసరికి ఒక పోలీసు కానిస్టేబులును, ప్రింటరులో వడ్లగింజ ఎట్లా వచ్చిందని నిలదీస్తోంది. అతను బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

హరిత జరిగిందంతా చెప్పింది. తీగ మార్చడం, దీపం వెలగడం, పట్టికలో కనపడి పోవడం. వాసంతి విని, పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, నన్ను అడిగింది.

"ఇది మీ దగ్గరే ఉందా బాబాయ్? ఎప్పుడన్నా పడిందా? తడిసిందా?"

నాకు బుర్ర పనిచేయనప్పుడు నోరు పనిచేస్తుంది. "తడవడమా తల్లీ! పట్టుచీరలో నాలుగు మడతలు చుట్టి బీరువాలో పెట్టా. పెట్టిన మూడో రోజు కొండమీద కోతొచ్చి బీరువా తాళంచెవి ఎత్తకపోయింది. ఇంక తీసే దిక్కేదీ? ఏడాదిపాటు దానికి గాలి గూడా సోకలా. ఆఖరికి తిరనాళ్లలో ఆ కోతే ఎదురుపడి, ఇంద తాతా అని..."

కానిస్టేబులు పగలబడి నవ్వాడు. వాసంతి పెదవి కూడా కదిలింది. హరిత నవ్వలేదు.

"కోతి సంగతి తర్వాత జూద్దాం. తడిసిందా, లేదా?"

"లేదు."

నేను చెప్పిన అబద్ధాలన్నిటిలో అంత పొట్టిది ఇంకోటి లేదు. ఏ కోతీ లేదు, ఏ రైలూ లేదు.

వాసంతి తన తీగ ఒకటి తీసి పెట్టెకు దూర్చింది. దీపం వెలిగింది. వెలిగి, కొట్టుకోవడం మొదలుపెట్టింది. లోపల ఏదో తిరగబోయి ఆగినట్టు చిన్న మోత వచ్చింది. మళ్లీ తిరగబోయి ఆగింది. సన్నగా మాడు వాసన వచ్చింది. వాసంతి తీగను ఒక్క లాగు లాగేసి, పెట్టె మీద అరచెయ్యి ఆనించింది.

"కాలతంది" అంది. కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. "బాబాయ్, ఇంకోసారి అడుగుతా. నిజం చెప్తే ఏం చెయ్యాలో తెలిసిద్ది. తడవలేదంటే నేను మళ్లీ కరెంటిచ్చి చూడాల. ఇచ్చిన ప్రతిసారీ లోపల కొంత పోద్ది."

బల్లమీద పెట్టె ఉంది. అందులో పదకొండు సాయంత్రాలున్నాయి. నిన్న ఇంట్లో హరిత పదిసార్లు కరెంటు ఇచ్చింది, నేను పక్కనే కూర్చుని చూశాను.

"తడిగంధం పెట్టానమ్మా" అన్నాను. "దసరానాడు. ఆ చీలికలోనే. కుంకుమ గూడా. కొబ్బరినీళ్లు చల్లా. మళ్లా తడిగుడ్డతో తుడిచా."

"తాతయ్యా, ఇప్పుడు కతలొద్దు!" అంది హరిత. "ఆవిడ సీరియస్‌గా అడుగుతంది."

"కత గాదే."

"నువ్వెప్పుడూ అట్టాగే..."

"కత గాదే తల్లీ. సాయిబు సన్నాయి రాలేదని, దాని చోటులో పెట్టా."

హరిత నా మొహంలోకి చూసింది. ఏం కనపడిందో మరి, కూర్చున్న కుర్చీలోనే వెనక్కి వాలిపోయింది. కానిస్టేబులు తన ప్రింటరు వైపు తిరిగి దాన్ని తుడుస్తూ నిలబడ్డాడు.

వాసంతి తిట్టలేదు. తిడితే బాగుండేది. సన్నటి రేకు ముక్క అంచున గుచ్చి పైనున్న ప్లాస్టిక్ డొప్పను విప్పింది. లోపల అసలు డిస్కు ఒక పక్కన, దానికీ తీగకూ మధ్య వేలెడంత పచ్చటి బోర్డు ఒకటి ఉన్నాయి. చీలిక వెనక బోర్డుమీద గంధం ఎండి పెంకు కట్టింది. నా తడిగుడ్డ దాన్ని ఇంకా లోపలికి తోసింది. కుంకుమ ఎర్రగా చారలు కట్టింది. ఒకచోట నల్లగా మాడింది.

"ఈ బోర్డు పోయింది. దీంతో పనిలేదు" అంది. "డిస్కు వేరే. దానికేమన్నా తగిలిందో లేదో ఇప్పుడే చెప్పలేను."

దూదితో, ఏదో స్పిరిట్‌తో డిస్కుకు బోర్డు తగిలే పళ్లు తుడిచింది. అర్ధగంట ఆరనిచ్చింది. సొరుగులోంచి వేరే డొప్ప తీసి డిస్కును అందులో కూర్చి, తన కంప్యూటరుకు తగిలించింది. టింగుమంది. టుంగుమంటుందేమోనని నేను ఊపిరి బిగబట్టాను. అనలేదు. అయినా డ్రైవుల వరసలో మాది రాలేదు. హరిత చూపించిన పట్టికలాంటిదే వాసంతి కూడా తెరిచింది. అక్కడ ఉంది. ఈసారి నిలకడగా ఉంది.

"వచ్చింది. దీనికి కంప్యూటరు పెట్టే గుర్తు అక్షరం అంటలా, అందుకని వరసలో కనపడదు" అని, దానికి ఒక అక్షరం కేటాయించింది. వెంటనే తెరమీద పదకొండు పసుపుపచ్చ సంచులు పరుచుకున్నాయి. ఒకటో సాయంత్రం, రెండో సాయంత్రం, అని హరిత రాసుకున్న పేర్లతో సహా.

నేను లేచి దండం పెట్టబోయాను. వాసంతి చెయ్యెత్తి ఆపింది. పెట్టెకేసి చెవి ఒగ్గి వింటోంది. లోపల ఆగి ఆగి టిక్కుమంటోంది.

"ఇది చానాసేపు ఉండదు బాబాయ్. చిన్నయి ముందు తీస్తే ఎక్కువ దక్కుతయ్. లేదు, ఫలానాదే కావాలంటే అదే ముందు తీద్దాం. తేల్చుకోండి."

హరిత నా వైపు చూసింది. ఆ పిల్ల కష్టపడి చేసిన పది సాయంత్రాలు ఒక పక్కన, సాహెబు అడిగింది ఒక పక్కన.

"సావేరి ముందు తియ్యమ్మా" అన్నాను.

పదకొండో సాయంత్రం కదిలింది. చెడ్డచోటు వస్తే దాటుకుంటూ చదివే పద్ధతిలో తీస్తున్నానని చెప్పింది వాసంతి. తెరమీద పచ్చటి గీత మెల్లగా పాకింది. సగానికి దగ్గరపడుతుండగా ఆగింది. టిక్కులు దగ్గర దగ్గరగా వచ్చాయి. గీత కదల్లేదు. వాసంతి పది నిమిషాలు చూసి, ఆపేసి, డిస్కును చల్లారనిచ్చి, మిగతా సాయంత్రాల మీద పడింది. ఏడు వచ్చాయి. మూడు రాలేదు. ఆఖర్న సావేరిని ఇంకోసారి ప్రయత్నించింది. ఆ చోటు దాటలేదు.

"తొమ్మిది నిమిషాలుంది. మిగతా పదమూడూ ఇందులోనే ఉన్నయ్, నాతో కాదు. పెద్ద ల్యాబులో దుమ్ము లేని గదిలో విప్పి చూస్తారు. వచ్చిద్దని ఎవరూ మాటివ్వరు. అప్పటిదాకా దీనికి కరెంటు మాత్రం ఇయ్యొద్దు."

"నిన్న పొద్దున్నే చెప్పుంటే?" అని అడిగాను.

వాసంతి కళ్లజోడు పెట్టుకుని తుడిచిన బల్లనే మళ్లీ తుడిచింది. "చెప్పలేను బాబాయ్" అంది.

బస్సులో హరిత కిటికీ పక్కన కూర్చుంది. రొంపిచర్ల అడ్డరోడ్డు దాటాక, "ఇంకో కాపీ పెట్టకపోవటం నా తప్పు" అంది. కాసేపయ్యాక, "నోరెక్కడుందని వెతికావా తాతయ్యా, నిజంగా?" అని అడిగింది. తలూపాను. అది నవ్వబోయి, మొహం కిటికీ వైపు తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

మేం వెళ్లేసరికి సాహెబు అదే చొక్కాతో, అదే దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. నిన్న గోడవైపు తిప్పుకున్న మొహాన్ని హరితను చూసి ఇటు తిప్పాడు. నన్ను చూడలేదు. హరిత ఫోను మంచం పట్టెమీద పెట్టి నొక్కింది.

సావేరి మొదలైంది. ఆ గదిలో గాలి మారింది. హజ్రా బీ గుమ్మంలో కూలబడింది. సాహెబు ఎడమచేతి వేళ్లు దుప్పటి మీద లేస్తూ వాలుతూ కనపడని రంధ్రాలు మూస్తున్నాయి, తెరుస్తున్నాయి. కుడిచెయ్యి పక్కన పడి ఉంది. రాగం మెల్లగా విచ్చుకుంటూ, ఒక మెట్టు ఎక్కి, ఇంకో మెట్టుకు కాలెత్తింది.

అక్కడ ఆగిపోయింది.

ఆయన వేళ్లు గాల్లో ఉన్నాయి. ఎదురుచూశాడు. ఫోను చూశాడు. హరితను చూశాడు. ఆ తర్వాత నన్ను చూశాడు.

దారిలో ఒక కథ అల్లుకుంటూ వచ్చాను. పిడుగు పడిందనో, ఎలుక కొరికిందనో. ఎలుక కథ బాగా కుదిరింది కూడా. ఆయన ముందు నిలబడేసరికి అది నాలుక మీదికి రాలేదు.

"నేనే పోగొట్టాను సాయిబూ" అన్నాను. "నువ్వు దసరాకి రాలేదని ఆ పెట్టెకి నోట్లో తడిగంధం పెట్టా. లోపల మాడిపోయింది. చెప్పకుండా దాచా. దాచిపెట్టటంతో ఇంకొంచెం పోయింది. ఇంతే మిగిలింది."

హజ్రా బీ "అల్లా!" అంది. అనడానికి సాహెబు దగ్గర ఒక్క మాటే ఉంది. కళ్లు మూసుకున్నాడు. వెళ్లిపొమ్మన్నట్టే ఉంది. నేను చెప్పుల కోసం తిరిగాను. వెనకనుంచి పట్టెమీద ఠప్పుమని దెబ్బ వినిపించింది.

తిరిగి చూస్తే ఎడమచెయ్యి నా నోటికేసి చూపిస్తున్నాడు.

"నన్నా? నేనా పాడేది? ఒరేయ్ సాయిబూ, నేను పాడితే బర్రెలు చేపుకు రావు."

ఠప్పున ఇంకో దెబ్బ. ఆ మాట తేటగా మళ్లీ వచ్చింది. "సావేరి."

మంచం అంచున కూర్చున్నాను. నలభై ఏళ్లు విన్నాను కదా. ఆగిపోయిన మెట్టు దగ్గరనుంచి కూనిరాగంగా ఎత్తుకున్నాను. ఠప్పు. తప్పన్నమాట. ఇంకోలా తిప్పాను. ఠప్పు. మూడోసారి నాకే తెలియకుండా గొంతు ఎటో వంగింది. చెయ్యి పడలేదు. ఆయన కళ్లు తెరిచి ఉన్నాయి. హరిత చప్పుడు చేయకుండా ఫోనులో రికార్డు నొక్కింది. అలా పడుతూ లేస్తూ రాగంలో రెండు సంగతులు దాటాం. నాకు చెమటలు పట్టాయి. నాగలి పట్టినప్పుడు కూడా అంత చెమట పట్టలేదు.

ఆ తర్వాత ఆయన సన్నాయి పైకి వెళ్లి, ఎక్కడో ఒకచోట చాలాసేపు నిలబడి, దిగేది. దిగడం నాకు గుర్తుంది. ఎక్కడ నిలబడేదో గుర్తులేదు. చలికాలం పొద్దులు. సరిగ్గా ఆ వేళకే నేను ముసుగు తన్ని మళ్లీ నిద్రపోయేవాణ్ని.

ఏదో ఒకటి కలపవచ్చు. నాకది చెయ్యి తిరిగిన పని. రాగం ఎక్కడో నిలబడాలి, నేను నిలబెడితే ఎవరు కాదంటారు? హరితకు తెలియదు. హజ్రా బీకి తెలియదు. జబ్బుమనిషి, మూడు నెలలయింది, ఆయనకే సరిగ్గా గుర్తుందో లేదో. ఫోను వింటోంది. నేను ఏది పాడితే ఇక అదే మీరా సాహెబు సావేరి. నోరు తెరిచాను కూడా.

ఆయన చెయ్యి పట్టెమీద జానెడెత్తున ఆగి ఉంది. నా పెదవులకేసి చూస్తున్నాడు.

"ఈ చోటు నాకు తెలవదు సాయిబూ" అన్నాను.

ఆ చెయ్యి చాలాసేపు అలాగే ఉంది. ఆ తర్వాత కిందికి వాలి, పట్టెమీద మెత్తగా ఒక దెబ్బ వేసి, ఫోనువైపు వేలు చూపించింది. మొదటినుంచి పెట్టమని.

హరిత మళ్లీ నొక్కింది.